దగ్గరి విమానం దూరం.. దూరపు విమానం దగ్గర!

దామంజోడి నుంచి జయపురం విమానాశ్రయం సుమారు 60 కిలోమీటర్లు. విశాఖ విమానాశ్రయం సుమారు 200. మ్యాపు చూసినోళ్లెవరైనా జయపురమే దగ్గరంటారు. నాల్కో టౌన్‌షిప్‌లో ఏ తెలుగింటి తలుపైనా తట్టి అడగండి.. ‘వైజాగే’ అంటారు.

కారణం చిన్నదే. ఉడాన్ పథకం కింద 2022 అక్టోబరు 31న జయపురంలో విమాన సర్వీసు మొదలైనప్పుడు ఈ ప్రాంతమంతా సంబరపడింది. తీరా చూస్తే వచ్చింది తొమ్మిది సీట్ల బుల్లి విమానం. పైలట్ కంటికి రన్‌వే కనబడితేనే దిగాలి. వానాకాలం నెలల తరబడి మబ్బు, చలికాలం పొగమంచు ఉండే కొరాపుట్ కొండల్లో ఇదెంత కష్టమో చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కో, బెంగళూరులో ఉద్యోగం ఇంటర్వ్యూకో వెళ్లేవాడు మబ్బును నమ్ముకుని టిక్కెట్ కొనడు కదా.

అందుకే వైజాగ్ పోతాం. సిమిలిగుడ, పొట్టంగి, సుంకి దాటి ఘాట్ దిగి సాలూరు, అక్కడి నుంచి విజయనగరం. అంతా సవ్యంగా ఉంటే ఐదు గంటలు. ఓ వానాకాలం మా పక్కింటాయనకు వాళ్లమ్మకు సీరియస్ అని హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. రాత్రి ఒంటిగంటకే బయల్దేరాం. ఘాట్‌లో లారీ అడ్డం పడింది. రెండు గంటలు అక్కడే. తెల్లారాక వైజాగ్ చేరితే కౌంటర్ మూసి ఇరవై నిమిషాలైంది. హైదరాబాద్‌కు విమానంలో పట్టేది గంటే! మన పంచపట్మాలి బాక్సైట్‌తో చేసిన అల్యూమినా మాత్రం రైలెక్కి దర్జాగా విశాఖ పోర్టుకు చేరుతుంది.

ఇప్పుడు భోగాపురం సంగతి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన ఈ విమానాశ్రయానికి విశాఖ నుంచి ప్రయాణికుల విమానాలను తరలించాలన్నది ప్రణాళిక. నలభై అయిదు కిలోమీటర్లు పోవాలా అని వైజాగ్ వాళ్ల గొణుగుడు. వాళ్ల బాధ వాళ్లది. మనకు మాత్రం లాభమే. విజయనగరం నుంచి విశాఖ విమానాశ్రయానికి యాభై కిలోమీటర్లు దాటుతుంది, పైగా నగరం ట్రాఫిక్. భోగాపురానికైతే పాతిక కిలోమీటర్లే. ఎంత లేదన్నా గంట కలిసొస్తుంది.

అయితే ఆ గంట సొంత కారున్నోడికే. మామూలోడు బస్సులో వైజాగ్ కాంప్లెక్స్‌లో దిగి మళ్లీ వెనక్కి భోగాపురం రావాలంటే ఉన్న సుఖం కూడా పోతుంది. ఇక్కడే రెండు రాష్ట్రాల అధికారులు నోరు విప్పడం లేదు. ఉత్తరాంధ్ర విమానాశ్రయం అంటారే గానీ, సాలూరు రోడ్డున కొరాపుట్ జనం, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రాయగడ జనం అక్కడికే వస్తారన్న లెక్క ఎవరి కాగితాల్లోనూ కనబడదు. ఈ రెండు దారులూ రామభద్రపురంలో కలుస్తాయి. ఒడిశా బస్సో, ఆంధ్ర బస్సో.. ఆ దారిన విజయనగరం మీదుగా నేరుగా భోగాపురానికి, ఉదయం విమానాలకు ఒకటి, సాయంత్రం వాటికి ఒకటి వేయొచ్చు. ఘాట్‌లో ఆగిన లారీని లాగడానికి సుంకి దగ్గర రాత్రిపూట ఓ క్రేన్ ఉంచాలి. కొరాపుట్ కలెక్టరూ, విజయనగరం కలెక్టరూ ఒక్కపూట కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే పనులివి.