కెమెరా ఎవరి చేతిలో, ఏ ఎత్తులో?

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల ఇళ్ళలో దాదాపు ఒకే లెక్క నడుస్తుంది. ఐటీఐలో చేరితే సిప్‌కాట్‌లో పని దొరుకుతుంది, నర్సింగ్ చదివితే బెంగళూరు ఆసుపత్రుల్లో దొరుకుతుంది. ఈ లెక్కల మధ్య ఓ పిల్లవాడో పిల్లో "నేను సినిమా, టీవీ చదువుతాను" అంటే ఇంట్లో అందరూ నవ్వేస్తారు. ఆ నవ్వును మేము తప్పు పట్టలేం. కూలి డబ్బులతో పిల్లల్ని చదివించే ఇంటికి సినిమా అంటే చూసేదే గాని చదివేది కాదు. పైగా చెన్నై తరమణిలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సీట్లు కొద్ది. ప్రైవేటు సంస్థల ఫీజులు అడగడానికే భయం.

అయినా ఆ పిల్లల వైపు నిలబడాలని మేము అనుకుంటున్నాం. వాళ్ళ చదువు తరమణిలోనే జరగాలని లేదు, కమ్యూనిటీ కాలేజీలో జరగవచ్చు.

కమ్యూనిటీ కాలేజీ మన దేశానికి మరీ కొత్తదేమీ కాదు. 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఒకటి ప్రారంభించింది. మరుసటి ఏడు చెన్నైలో కతోలిక అగ్రపీఠం ఇంకొకటి పెట్టింది. ఏసుసభ గురువు జేవియర్ అల్ఫోన్స్ దీన్ని ఒక ఉద్యమంలా ఊరూరికీ తీసుకుపోయారు. ఆలోచన చాలా సాదా. పెద్ద చదువులకు నోచుకోని వాళ్ళను, మధ్యలో బడి మానేసిన వాళ్ళను కూడా చేర్చుకోవాలి. చుట్టుపక్కల దొరికే పనికి తగిన నైపుణ్యం తక్కువ ఖర్చుతో నేర్పాలి. సగం నేర్పు పని జరిగే చోటే నేర్పాలి. 2013లో యూజీసీ కూడా దీన్ని ఒక పథకంగా చేపట్టింది. కుట్టు, కంప్యూటర్, రోగుల సేవ లాంటి కోర్సులు అలాగే వచ్చాయి. కెమెరా, ఎడిటింగ్, శబ్దం అదే వరసలో ఎందుకు రాకూడదు?

రావాలి. కానీ ముందు నిజం చెప్పాలి. డిప్లొమా చేతికి రాగానే కోడంబాక్కం తలుపులు తెరుచుకోవు. యూనియన్ కార్డుకు కట్టాల్సిన మొత్తమే పేదింటి పిల్లల్ని గడప బయట ఆపేస్తుంది. మన పిల్లలకు ముందుగా దొరికేది పెళ్ళి వీడియో పనే. అది గౌరవమైన పనే, కానీ ముహూర్తాలున్న నెలల్లోనే ఉంటుంది, ఆడి నెలలో కెమెరా సంచిలోనే ఉంటుంది. సొంత కెమెరా లేనివాడి సంపాదనలో అద్దెకే చాలా పోతుంది. కాబట్టి లెక్క రాసుకోవడం, బేరం మాట్లాడడం, కూలి రాకపోతే ఎక్కడ అడగాలో తెలుసుకోవడం నేర్పని సినిమా కోర్సు పిల్లల్ని మోసం చేసినట్టే.

బతుకుతెరువు ఒక్కటే కారణమైతే ఐటీఐ చాలు, మేము ఇంత రాయనక్కర లేదు. మాకు ఇంకో కారణం ఉంది. అది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దొరుకుతుంది.

అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టారు. వాళ్ళు చిన్న కమతాల రైతులు, చాలామందికి చదవడం రాయడం రాదు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసరుగా పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ వాళ్ళకు తోడు నిలిచారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎలా నష్టపోయారో ఈ స్త్రీలు ఊళ్ళకు వెళ్ళి చిత్రించారు. 2008 అక్టోబరులో వాళ్ళ సంఘం రేడియో కూడా మొదలైంది. వాళ్ళు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు మమ్మల్ని ఇంకా ఆలోచింపజేస్తాయి. ఒకరు పైన, ఒకరు కింద ఉండే కోణాల్లో వాళ్ళకు పటేలూ బానిసా కనిపించారు, ఆ పేర్లే పెట్టారు. కళ్ళకు కళ్ళు సమానంగా ఉండే కోణానికి సంఘం షాట్ అన్నారు. ఎన్ని పాఠ్యపుస్తకాలు తిరగేసినా ఇంతకంటే సూటిగా చెప్పేది దొరకదు.

ఇప్పుడు కృష్ణగిరిని ఆ కళ్ళతో చూడండి. మన ఊళ్ళలోకి కెమెరాలు ఎప్పుడు వస్తాయి? పొలాల మీద ఏనుగులు పడ్డప్పుడు, రహదారిలో లారీలు గుద్దుకున్నప్పుడు వస్తాయి. 2018 నవంబరులో హోసూరు దగ్గర కులాంతర వివాహం చేసుకున్న యువ జంటను చంపి కావేరిలో పడేసినప్పుడు వచ్చాయి. తరవాత వెళ్ళిపోయాయి. ఆ తరవాతే అసలు కథ మొదలవుతుంది. అదే వీధిలో రెండు కులాల వాళ్ళు మళ్ళీ ఎదురెదురుగా ఎలా నడుస్తున్నారో, ఆడపిల్లల్ని పనికి పంపడం ఎవరెవరు మానేశారో చూపాలంటే ఊళ్ళోనే ఉండే మనిషి చేతిలో కెమెరా ఉండాలి.

భాష సంగతి ఇంకో ముడి. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు పేచీ లేదు, ఆ నేల మీద బతికే వాళ్ళకు అది కావాలి. కానీ దానితోపాటు తెలుగు మొదటి భాష స్థానం నుంచి జారింది, కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు వేపనపల్లి, బాగలూరు, తళి వైపు పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ రాయలేరు. వాళ్ళ అవ్వల నోట్లో ఉన్న మొరసునాటి మాట హైదరాబాదు చానళ్ళలో వినబడదు. తమిళ చానళ్ళలో దానికి చోటే లేదు. రాత తెలియని పిల్లకు కలం అడ్డం పడుతుంది గాని మైకు అడ్డం పడదు. అవ్వ ముందు మైకు పెట్టి, రాగి సంగటి గురించో, కరువు నాటి వలసల గురించో అడిగితే చాలు. అలా పోగైన మాటల నుంచి రేపు అక్షరం మీద ఆశ పుడితే అదీ మేలే. పైగా తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవికి తెలిసిన పిల్లలకు డబ్బింగు, సబ్‌టైటిళ్ళ పనిలో మామూలు వాళ్ళకు లేని పట్టు ఉంటుంది. మనం ఇన్నాళ్ళూ దాన్ని లోపంగా చూశాం.

చిన్న ఊరి కాలేజీలో ఏం సినిమా అవుతుందని అడిగే వాళ్ళకు నాగరాజ్ మంజులే పేరు చెబుతాం. షోలాపూర్ జిల్లా పల్లె నుంచి వచ్చిన ఈ దళిత దర్శకుడు అహ్మద్‌నగర్‌లోని ఒక మామూలు కాలేజీలో చదివాడు. అక్కడ చదువులో భాగంగా తీసిన పొట్టి చిత్రం 'పిస్తుల్యా'కు జాతీయ అవార్డు వచ్చింది. 'ఫండ్రీ', 'సైరాట్' తరవాత వచ్చాయి. అందరూ మంజులే అవుతారని మేము అనడం లేదు, కానీ ఆ కాలేజీయే లేకపోతే ఆ ఒక్కడూ ఉండేవాడు కాదేమో.

మన సంఘాలకు ఇక్కడ బాధ్యత ఉంది. 1895లో లూథరన్ మిషనరీలు కృష్ణగిరిలో పని మొదలుపెట్టిన నాటి నుంచి ఈ జిల్లాలో చర్చి అంటే బడి కూడా. సాయంత్రం తాళం పడే గదులు మనకు ఎన్ని ఉన్నాయో మనకే తెలుసు. అవి తెరిస్తే ఒక కోర్సుకు చోటు దొరికినట్టే. ఒకటి రెండు కెమెరాలు, నాలుగు కంప్యూటర్లు, మంచి మైకు చాలు, మిగతా అభ్యాసం ఫోన్లతో నడుస్తుంది. కానీ ఆ గదిలో సువార్త పాటల వీడియోలు మాత్రమే తయారవుతాయంటే మేము ఒప్పుకోం. విశ్వాసం చూసి సీటు ఇస్తామంటే అసలే ఒప్పుకోం. సగం సీట్లు ఆడపిల్లలవి కావాలి. రాత్రి షూటింగుకు వెళ్ళిన అమ్మాయిని ఇంటికి చేర్చే పూచీ కాలేజీదే కావాలి. లేదంటే ఆ సగం కాగితం మీదే మిగులుతుంది.

మొదటి పాఠం ఏమిటని మమ్మల్ని అడిగితే ఇలా పెట్టమంటాం. తెల్లవారుజామున కంపెనీ బస్సు దిగి ఇంటికి నడిచే తల్లిని ఆమె కళ్ళ ఎత్తులోనే కెమెరా పట్టి తీయాలి. ఆదివారం సాయంత్రం అదే వీధిలో దుప్పటి కట్టి, ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి చూపాలి. ఏది తీసేయమని ఆమె అడుగుతుందో పిల్లలు రాసుకోవాలి.