దగ్గరికి పోవలసింది కటకమే, మనం కాదు

మాది అమరాపురం. అక్కడి నుండి మడకశిర, హిందూపురం దాటి చిలమత్తూరు మండలంలోని వీరాపురం చేరితే, ఊరి చెట్ల మీదనే గూళ్ళు కట్టుకొన్న ఎర్రకాళ్ళ కొంగలు దర్శనమిస్తాయి. ఆ గ్రామస్థులు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకొంటారు. మరి మావంటి ఛాయాగ్రాహకుల బారి నుండి వాటినెవరు కాపాడాలి?

స్పాటింగ్ స్కోపుకు చిన్న కెమేరా తగిలించి బొమ్మలు తీస్తుంటే, "పెద్ద లెన్సు కొనలేనివాడి తంటాలు" అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. ఆయన మాటలో కొంత నిజముంది. స్కోపు బొమ్మలో అంచులు మెత్తబడతాయి. ఎగిరే పక్షి చిక్కడం కష్టం. కానీ బొమ్మలు పాడయ్యేది చాలావరకు మన అత్యాశ వల్లనే.

స్కోపును 60 రెట్లకు తిప్పడం మొదటి అత్యాశ. 30 రెట్లతో పోలిస్తే అక్కడ వెలుగు సుమారు నాలుగోవంతే మిగులుతుంది, వణుకు రెట్టింపవుతుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి సమానమైన చూపును 30 రెట్లు చేస్తే 1500 మిల్లీమీటర్లు. అది చాలదా? బొమ్మ చుట్టూ నల్లని వలయం కనబడితే కెమేరా జూమును కొద్దిగా పెంచండి. ఫ్లాషు ఆపివేయండి. ఎపర్చరు పూర్తిగా తెరచి, షట్టరు వేగం సెకనులో 250వ వంతుకు తగ్గకుండా ఐ.ఎస్.ఓ.ను 400కో, 800కో పెంచండి. తెల్లని ఈకలు వెలిసిపోకుండా ఎక్స్‌పోజరును 0.7 తగ్గించండి. మీట వేలితో నొక్కక, 2 సెకన్ల టైమరుకు వదలండి. ఇక ఎండ ముదిరి గాలి మరిగేవేళ ఏ అమరికా పనిచేయదు. ఇంటికి వెళ్ళడమే ఉత్తమం.

ఈ ఓపిక లేనివారే చెట్టు కిందికి పోతారు, చప్పట్లు కొట్టి పక్షులను లేపుతారు. నేనూ ఒకసారి కొమ్మ కిందిదాకా పోయాను. రెక్కలు విప్పి పిల్లలకు నీడపడుతున్న తల్లి చివాలున ఎగిరిపోయింది. బోడి పిల్లలు మండుటెండలో నోళ్ళు తెరచుకొని మిగిలాయి. వెనక్కి తగ్గి, ఆమె తిరిగివచ్చేదాకా నిలబడ్డ ఆ కొద్ది నిమిషాలు నాకు ఏ ఖరీదైన కటకమూ నేర్పని పాఠం నేర్పాయి.

మిత్రులారా, పెద్ద లెన్సు మీద నాకు పగ లేదు. ఏ కటకమైనా సరే, పక్షి మనవైపు తలతిప్పి చూసిందంటే మనం హద్దు దాటామన్నమాట. అంచు మెత్తబడిన బొమ్మ ఉంటే ఉండనీండి. గూట్లో నీడ ఉండాలి.