కోడిని చంపేది చలి కాదు, తడి ఊక

దీపావళి దాటిందంటే మన మహబూబాబాద్ జిల్లా పల్లెల్లో ఒక పని తప్పకుండా కనిపిస్తుంది. కోళ్ల గూటికి నాలుగు వైపులా గోనె సంచులో, యూరియా సంచులో కట్టేస్తారు. కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు అడవి పక్క ఊళ్లలోనైతే సందుల్లో గుడ్డలు కూడా కుక్కుతారు. కోళ్ల మీద ప్రేమతోనే చేస్తారు, కాదనలేం. కానీ సంక్రాంతి దగ్గరికొచ్చేసరికి కోళ్లకు ముక్కు కారుతుంది, గురక వస్తుంది, మూలకు ముడుచుకుంటాయి. రెండు పోతాయి, నాలుగు పోతాయి. "ఈసారి చలి ఎక్కువైంది" అని సరిపెట్టుకుంటాం.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఆ పాపం చాలావరకు చలిది కాదు. అడుగున తడిసిన ఊకది, పైన మూసేసిన గాలిది. ఈకలు నిండిన పెద్ద కోడి ఒళ్లు పొడిగా ఉంటే మన ప్రాంతపు చలిని తట్టుకుంటుంది. ఈకలు ఉబ్బించుకొని వెచ్చగా కూర్చుంటుంది. తట్టుకోలేనిది తడిని, ఘాటు వాసనను.

లెక్క చూడండి. పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక వంతు నీళ్లే. ఇరవై కోళ్లుంటే రోజుకు రెండు కిలోల రెట్ట, అంటే లీటరున్నర నీళ్లు. పగలు బయట తిరిగి సగం అక్కడే వేసినా, గూట్లో రాత్రికి ముప్పావు లీటరు నీళ్లు కుమ్మరించినట్టే. దీనికి కోళ్ల ఊపిరిలోని ఆవిరి తోడు. ఎండాకాలంలో ఇది తెల్లారేసరికి ఆరిపోతుంది. చలికాలంలో మంచు, పొట్టి ఎండ, పైగా సంచులు. ఇక ఆరేదెక్కడ?

తడిసిన ఊకలో రెట్ట కుళ్లి అమోనియా వాయువు పుడుతుంది. కళ్లు మండేది, ముక్కు పగిలేది దానివల్లే. పది లక్షల పాళ్ల గాలిలో ఇది 25 పాళ్లు దాటకూడదని శాస్త్రజ్ఞులు చెబుతారు. దాటితే కోడి ఊపిరి గొట్టం లోపలి పొర దెబ్బతిని, శ్వాస రోగాలకు తలుపు తెరిచినట్టవుతుంది. అదే తడిలో కాక్సిడియోసిస్ క్రిములు పెరిగి పిల్లలకు రక్త పారుడు పట్టుకుంటుంది. బూజు పట్టిన ఊకైతే ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది.

మరి ఏం చేయాలి? ఖర్చు పెద్దగా లేదు, శ్రద్ధ కావాలి.

గూటి అడుగున ఒక రోజు బాగా ఎండబెట్టిన వరి ఊక రెండు, మూడు అంగుళాల మందాన పరచండి. వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు కూడా పనికొస్తాయి. ముక్క వాసన వచ్చేది వద్దు. వారానికి రెండు మూడుసార్లు, ఎండెక్కాక, కోళ్లను బయటికి వదిలాక, ఊకను అడుగు నుంచి తిరగేయండి. గడ్డ కట్టిన చోట తీసేసి పొడి ఊక వేయండి. నీళ్ల గిన్నెను ఇటుకల మీద పెట్టండి, చుట్టూ ఉన్న ఊకను రోజూ చూడండి. తడి గడ్డలు తీసేశాక పొడి సున్నం పలుచగా చల్లి కలపవచ్చు. తడిని అలాగే ఉంచి పైన సున్నం చల్లితే వాసన పోదు, ఇంకా లేస్తుంది.

ఊక సరిగా ఉందో లేదో పిడికిలే చెబుతుంది. గుప్పెడు తీసుకొని గట్టిగా పిసకండి. ముద్దలా నిలిస్తే తడి ఎక్కువ. కొంచెం పట్టుకొని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. అసలు పట్టుకోక దుమ్ము లేస్తే మరీ ఎండిపోయినట్టు.

సంచులు కట్టొద్దని కాదు, కట్టే తీరు మార్చండి. కోడి కూర్చునే ఎత్తు వరకు కట్టి, పైకప్పు కింద జానెడు మేర వదలండి. అక్కడ పిల్లి, పాము దూరకుండా జాలీ కొట్టండి. వేడెక్కిన తేమ గాలి పైనుంచి పోతుంది, చలిగాలి కోడికి నేరుగా తగలదు. పగలు సంచులు పైకి చుట్టేయండి.

ఈ మాట పెద్ద కోళ్లకే. ఈకలు రాని పిల్లలకు వేడి తప్పనిసరి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బు కింద పిల్లలు గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా పారిపోతే వేడి ఎక్కువని గుర్తు. మూసిన గూట్లో నిప్పుల కుంపటి మాత్రం పెట్టకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఊక ఎంత పొడిగా ఉన్నా కొక్కెర తెగులును ఆపలేదు. దానికి టీకాయే దారి. 5-7 రోజుల వయసులో లాసోటా చుక్క, 8 వారాలకు ఆర్‌2బి టీకా వేయించండి. పెద్ద ఫారాల్లో వాడిన ఊక, పాత సంచులు తెచ్చి గూట్లో వేయకండి. రోగాలు వాటి వెంటే వస్తాయి.

అధికారులకూ ఒక మాట. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి మంచి పెరటి రకాలను తయారు చేసింది. పథకాల కింద పిల్లలను పంచడం మంచిదే. కానీ పిల్లలతో పాటు బస్తా ఊక ఇచ్చి, గూడు దగ్గర అరగంట నిలబడి చూపించే మనిషి కూడా రావాలి. ఊక ఒకప్పటిలా ఊరికే దొరకడం లేదు, బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ కొనుక్కుపోతున్నారు. మిల్లులున్న కేసముద్రం వంటి చోట్ల మహిళా సంఘాలు కలిసి ట్రాక్టరు ఊక తెచ్చుకొని పంచుకుంటే ఒక్కొక్కరి మీద భారం తగ్గుతుంది. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం, మామునూరు పశువైద్య కళాశాల వారు చలికాలానికి ముందే తండాల్లో, గూడేల్లో ఈ విషయం చెప్పాలి.

మగవాళ్లకు కూడా చెబుతున్నా. గూడు పని ఆడవాళ్లదని వదిలేయకండి. గుడ్ల డబ్బుతోనే పిల్లల పుస్తకాలు, ఇంట్లో ఉప్పు పప్పు గడుస్తున్న ఇళ్లు ఎన్నో. తీసేసిన ఊకైనా మీ పొలానికే కదా పోయేది! రెండు మూడు నెలలు కుప్ప వేసి మాగనిస్తే మంచి ఎరువు.

రేపు తెల్లారి గూడు తలుపు తీయగానే కోడి తల ఎత్తుకు వంగి వాసన చూడండి. కళ్లు మండితే ఆ రోజే ఊక తిరగేయండి, పై సంచులు విప్పండి.