మూలప్రతి రక్షణ

సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత వాటికి నకళ్ళు రాయించి, పాఠాలను సరిపోల్చి పరిష్కరింపజేశాడు. మూలప్రతి నిలిచి ఉంటేనే పరిష్కర్త చేసిన పొరపాటును మరొకరు సరిదిద్దగలరు. ఆకాశ దృశ్యాలను వీడియోగా చిత్రించే నేటి విద్యార్థులకు కూడా ఈ సూత్రం శిరోధార్యం.

చంద్రుడు, గురుడు, శని వంటి కాంతిమంతమైన బింబాలను చిత్రించడానికి నగర దీపకాంతి పెద్ద ఆటంకం కాదు. మేడ్చల్ సమీపంలోని గౌడవెల్లిలో ఉన్న విద్యార్థి సైతం ఇంటి మేడపై నుండి చిన్న దూరదర్శినికి కెమెరాను అమర్చి వాటిని చిత్రించవచ్చు. గాలి కదలికల వలన బింబం నిరంతరం వణుకుతూ కనిపిస్తుంది. అందుచేత కొద్ది నిమిషాలలో వేలాది చిత్రాలను వీడియోగా తీసి, వాటిలో స్పష్టమైనవాటిని కంప్యూటర్ ద్వారా ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకే చిత్రంగా రూపొందిస్తారు.

నష్టం ఎక్కువగా ఈ దశలోనే జరుగుతుంది. డిస్కులో చోటు చాలక పాతవాటిని తొలగించడం, కొత్త ఫైలుకు పాత పేరే పెట్టడం, నకలు పూర్తికాకముందే పెన్‌డ్రైవ్‌ను ఊడదీయడం, విద్యుత్తు పోవడం ఇందుకు సాధారణ కారణాలు.

తుది చిత్రం చేతికి వచ్చిన తరువాత మూల వీడియోతో పనేమిటని కొందరు ప్రశ్నిస్తారు. హైదరాబాదులోని నిజామియా వేధశాల చరిత్రే దీనికి సమాధానం. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం అక్కడ 1914 నుండి ఛాయాచిత్ర ఫలకాలపై లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచారు. ఫలకాలపై కొలిచిన అంకెలనే సంపుటాలుగా అచ్చువేయడం వలన, తరువాతి శాస్త్రజ్ఞులు మెరుగైన పద్ధతులతో వాటిని తిరిగి గణించగలిగారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రాల చలనాన్ని నిర్ణయించడానికి, ఉపగ్రహ పరిశీలనలతోపాటు హైదరాబాదు సహా పలు వేధశాలల పాత కొలతలు తోడ్పడ్డాయి. ఈ ప్రయోజనాన్ని నాడు కొలిచినవారు ఊహించి ఉండరు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాది. 1969లో మానవుడు చంద్రునిపై కాలుమోపిన దృశ్యాల మూల టేపులను చెరిపివేసి, ఇతర అవసరాలకు తిరిగి వాడి ఉంటారని నాసా 2009లో నిర్ధారించింది. ప్రసారమైన దృశ్యాలు మిగిలాయి గాని, వాటికంటే స్పష్టమైన మూలం దక్కలేదు.

కాబట్టి చిత్రీకరణ ముగియగానే, తేదీ, సమయం, బింబం పేరుతో మూల ఫైలుకు నామకరణం చేయాలి. వేర్వేరు పరికరాలలో రెండు నకళ్ళు తీసి, ఒకదానిని వేరొక చోట ఉంచాలి. అవి సక్రమంగా తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించిన పిమ్మటే కెమెరాలోని దానిని తొలగించాలి. సవరణలన్నీ నకలుపైననే చేయాలి.

నిల్వకు ఖర్చవుతుందన్నది నిజమే. అన్నింటినీ దాచలేనప్పుడు, మళ్ళీ తీయగల చంద్రబింబాన్ని వదలవచ్చు. తిరిగిరాని గ్రహణాన్ని వదలరాదు. 2012 జూన్ 6న సూర్యబింబాన్ని దాటిన శుక్రుడు మళ్ళీ అలా కనిపించేది 2117లోనే. పోయిన డబ్బును సంపాదించుకోవచ్చు గాని, పోయిన ఆ ఉదయాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు.