సీమవారి స్వరాజ్యము

పఠనాలయములలో పత్రికలు ముగించి అరుగుమీదికి వచ్చిన మిత్రుల నడుమ బ్రిటిషు రాజకీయముల ప్రస్తావము వచ్చినప్పుడెల్ల ఒక నవ్వు వినవచ్చుచుండును. "మనలను విడువమని అన్ని యేండ్లు పట్టుకొని కూర్చున్నవారు, తమకే విడుదల కావలెనని ఓట్లు వేసికొనిరట!" అని యొకరందురు. "విడిపోయి యేమి బావుకొనిరి?" అని వేరొకరు. నవ్వు సహజమే, మేమును నవ్వినవారమే. కాని ఆ నవ్వు ముగిసిన పిమ్మట ఆలోచింపవలసిన విషయ మొకటి మిగిలియున్నది. అది మన యిండ్లకు సంబంధించినది.

2016 జూన్ 23వ తేదీన బ్రిటను ప్రజలు ఐరోపా సమాఖ్యలో నుండుటయా, విడుచుటయా యను ప్రశ్నకు ఉత్తరమిచ్చిరి. విడువవలెనన్నవారు 1 కోటి 74 లక్షలు. ఉండవలెనన్నవారు 1 కోటి 61 లక్షలు. తెల్లవారకమునుపే నైజెల్ ఫరాజ్ దొరగారు ఆ దినము తమ దేశమునకు స్వాతంత్ర్య దినమని చాటిరి. స్వాతంత్ర్యము! ఆ జాతి నోట ఆ మాట వినుటకై మన పెద్దలు చెరసాలలలో నెంతకాలము కాచుకొనియుండిరో పాఠకు లెరుగుదురు.

పరతంత్ర దేశమున కుండు లక్షణములు మనకొకరు నేర్పనక్కరలేదు. తన యనుమతి లేకయే తనపై చట్టములు వచ్చును. తన్నడుగకయే తన ధనము పోవును. పాలకుని పొమ్మన్నవాడు జైలునకు పోవును. ఇందులో నేది బ్రిటనునకు పట్టినది? 1957లో రోము నగరమున ఆరు దేశములు ఒడంబడిక చేసికొన్నప్పుడు బ్రిటను దూరముగ నిలిచెను. ఆ యారింటి వ్యాపారము వర్ధిల్లుట చూచి పిమ్మట తానే తలుపు తట్టెను. 1963లో ఒకసారి, 1967లో మరియొకసారి ఫ్రెంచి అధ్యక్షుడు డీగాల్ వలదనెను. ఆయన పదవి విడిచిన తరువాతగాని ప్రవేశము దొరకలేదు. 1973 జనవరి 1న లోపలికి పోయి, 1975లో ఉందమా మానుదమా యని ప్రజల నడుగగా నూటికి 67 మంది ఉందమనిరి. ఉండవలెనని ఆనాడు ఊరూర చెప్పినవారిలో మార్గరెట్ థాచరుగా రొకరు! ఐరోపా పార్లమెంటునకు తన ప్రతినిధులను తానే యెన్నుకొనెను. పై ఫరాజ్ దొరగారే ఆ సభలో ఇరువదేండ్లు కూర్చుండిరి. పోదలచినప్పుడు పోవుటకు సమాఖ్య నిబంధనలలోనే 50వ అధికరణ మను ద్వారము కలదు. తలుపు గడియ ఖైదీ చేతిలోనే యుండు జైలును మేమెన్నడును చూడలేదు.

ఐనను, విడువవలెనని ఓటు వేసిన సామాన్యుడు మూఢుడనుట మాకు సమ్మతము కాదు. లింకన్‌షైరులో బోస్టనను చిన్న పట్టణము కలదు. అచ్చట నూటికి 75 మందికి పైగా విడుచుటకే ఓటు వేసిరి. దేశమున కదియే హెచ్చు. ఆ చుట్టుపట్లనున్న కూరగాయల పొలములలో పనికై 2004 తరువాత పోలండు, లిథువేనియా దేశములనుండి కూలీలు వేలసంఖ్యలో వచ్చిరి. జనము పెరిగినది, బడులు, వైద్యశాలలు ఆ వేగమున పెరుగలేదు. 2008లో బ్యాంకులు కూలిన పిమ్మట, 2010 నుండి స్థానిక సభలకు పోవు ద్రవ్యమును తగ్గించినది లండను ప్రభుత్వము. నింద మోసినది బ్రసెల్సు నగరము. గ్రిమ్సుబీ రేవు కథయు నిట్టిదే. అచ్చటి దూరసముద్రపు చేపల పడవలు మూలబడుటకు ముఖ్య కారణము ఐరోపా కాదు. 1976లో ఐస్లాండు తన తీరమునకు 200 మైళ్లవరకు హద్దు నిలుపుకొని బ్రిటను పడవలను తరిమివేయుటయే. కాని వల ఎండగట్టి కూర్చున్నవానికి చరిత్ర చెప్పినవాడెవడు? వాని బాధ నిజము. వానికి చూపిన శత్రువు మాత్రము వేరు.

వాని కీ శత్రువును చూపుట కష్టము కాలేదు. డోవరునకును ఫ్రాన్సు తీరమునకును నడుమ సముద్రము 21 మైళ్లే. ఐనను ఆంగ్లేయుడు పారిసునకు ప్రయాణమగునప్పుడు "ఐరోపాకు పోవుచున్నాను" అనును. తానున్నది మరియొక ఖండమైనట్లు! ఈ వాడుక బడిలో నేర్పినది కాదు, ఇంటిలో నేర్చినది. దానికితోడు వారమునకు 35 కోట్ల పౌనులు ఐరోపాకు పోవుచున్నవని ఎఱ్ఱని బస్సుమీద వ్రాసి ఊరూర త్రిప్పిరి. ఆ మొత్తములోనుండి బ్రిటనునకు ముందే తగ్గింపబడుచుండిన సొమ్ము మాట బస్సుమీద లేదు.

తరువాతి కథ పాఠకు లెరిగినదే. విడుచుట సరే, ఎట్లు విడుచుట యని ఎవ్వరు నడిగియుండలేదు గావున, 2019లో మే దొరసానిగారి ఒడంబడికను కామన్సు సభ మూడుమారులు త్రోసివేసెను. ఉందమన్న స్కాట్లండును ఉత్తర ఐర్లండును వెలికి పోవలసివచ్చెను. 2020 జనవరి 31న విడుపు జరిగినది. 2016 జులై మొదలు 2024 జులై వరకు ప్రధాని పీఠముపై ఐదుగురు క్రొత్తగ కూర్చుండిరి.

ఇక మన మాట. ఆ 2016 ఓటులో పాల్గొనినది ఆంగ్లేయులే కారు. కామన్‌వెల్తు దేశముల పౌరులు బ్రిటనులో నివాసముండి జాబితాలో పేరు నమోదైయున్నచో వారికిని ఓటు కలదు. ఇరువదేండ్లుగా లండనులో పన్ను కట్టుచున్న ఫ్రెంచివానికి ఓటు లేదు. చదువుకై పోయిన మన తెలుగు విద్యార్థికి కలదు! దక్షిణాసియావారి యోట్లకై ఆనాడు చెప్పబడిన మాట యొకటి మేము మరువరాదు: ఐరోపావానికి తలుపు మూసినచో మీకు తెరచుకొనును అని.

ఆ తలుపు చరిత్ర మాత్రము వేరు విధముగ నున్నది. 1962 వరకు కామన్‌వెల్తు పౌరులు బ్రిటనులో స్వేచ్ఛగ ప్రవేశింపగలిగిరి. ఆ యేట ఒక చట్టముతో ఆంక్ష మొదలైనది. దానిని మరింత బిగించిన 1971నాటి చట్టము అమలునకు వచ్చినది 1973 జనవరి 1న, అనగా బ్రిటను ఐరోపాలో చేరిన దినముననే. ఐరోపా వైపు తలుపు మూసిన పిమ్మట 2021లో మార్కుల పద్ధతి పెట్టి మనవారిని పిలిచిన మాట నిజమే. వైద్యులు, శుశ్రూషకులు, విద్యార్థులు వేలకు వేలు పోయిరి. అప్పుచేసి పంపిన తలిదండ్రులు మన పట్టణములలో నెందరో. 2023లో వలస లెక్క తొమ్మిది లక్షలు దాటగానే బోస్టనులో వినబడిన మాటలే మరల వినబడినవి, ఈమారు మనవారి మీద. 2024 జనవరినుండి బోధనా తరగతుల విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోరాదనిరి. ఉద్యోగికి ఉండవలసిన జీతమును ఆ యేప్రిలులో ఏటికి 26,200 పౌనులనుండి 38,700కు పెంచిరి. చేసినది సునాక్ గారి ప్రభుత్వము. ఆయన తాతలు పంజాబు విడిచి తూర్పు ఆఫ్రికాకు వలస పోయినవారు. 2025 జులైలో స్టార్మర్ గారి ప్రభుత్వము దానిని 41,700 చేసెను. పక్షము మారినను తలుపు త్రిప్పు చేయి మారలేదు. అదే నెల 24న మనకును వారికిని వర్తకపు ఒప్పందము కుదిరి, స్కాచి విస్కీమీద 150గా నుండిన మన సుంకమును మొదట 75కు తగ్గించుట కంగీకరించితిమి. సీసా రాకకు సులువైనది, మనిషి పోకకు కాలేదు.

మనవారిలో 2016న విడుచుటకు ఓటు వేసినవారిని మేము నిందింపము. పోలండువాని మీదికి వచ్చిన మాట తమ మీదికి రాదని వారు నమ్మిరి. కామన్‌వెల్తు పౌరుని కచ్చటి పార్లమెంటు ఎన్నికలలో నున్న ఓటు ఇంకను చట్టములో నున్నది. పిల్లలను అచ్చటికి పంపిన పాఠకులు ఈ ఆదివారము ఫోనులో చలిని గురించి, తిండిని గురించి అడిగిన పిమ్మట, ఓటర్ల జాబితాలో పేరు వ్రాయించుకొంటివా యనికూడ అడుగుదురు గాక.