పొరపాటు ఆసుపత్రిది, బిల్లు మనది

అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో 2013లో ఒక లెక్క అచ్చయింది. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల్లో ఒకే సంస్థ నడిపే 12 ఆసుపత్రులను పరిశోధకులు ఎంచుకున్నారు. వాటిలో 2010లో జరిగిన ఆపరేషన్ల జమాఖర్చులు తిరగేశారు. ప్రైవేటు బీమా ఉన్న రోగి ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి వెళ్తే, స్థిర ఖర్చులు తీయకముందు, ఆసుపత్రికి సగటున 16,936 డాలర్లు మిగిలాయి. అదే రోగికి కుట్లు విడిపోయినా, గాయంలో చీము పట్టినా, నెమ్ము చేసినా మిగిలింది 55,953 డాలర్లు. ఆపరేషన్ బెడిసికొడితే అదనంగా 39,017 డాలర్ల మిగులు అన్నమాట.

కావాలని ఏ డాక్టరూ రోగికి చీము పట్టించడు. ఆ పరిశోధకులూ అలా అనలేదు. ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కులన్నీ పొరపాట్ల వల్ల వచ్చేవీ కావు. రోగి వయసు, షుగరు, ముదిరాక ఆసుపత్రికి రావడం, అన్నీ ఉంటాయి. కానీ ఆపగలిగినవాటిని ఆపితే రాబడి తగ్గుతుందని తెలిసిన చోట, వాటిని ఆపడానికి నాలుగు రూపాయలు పెట్టండని యాజమాన్యాన్ని అడిగేదెవరు? అడిగినా వినేదెవరు? జబ్బు ఇక్కడుంది. డాక్టర్ల మంచితనం మీద ఎంత నమ్మకమున్నా ఇది నయం కాదు.

ఈమధ్య మా వీధిలో ఒకావిడకి పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేశారు. మూడు రోజుల్లో పంపించేస్తామన్నారు. నాలుగో రోజు జ్వరం వచ్చింది, లోపల చీము చేరిందని మళ్ళీ తెరిచారు, ఐసీయూలో పెట్టారు. ఆమె కొడుకు బిల్లు కాగితాలు పట్టుకొచ్చి, “బాబాయ్, ఇందులో ఏదైనా తగ్గించమని అడగొచ్చా?” అన్నాడు. మొదటి ఆపరేషన్ అంతా కలిపి ప్యాకేజీ అని ఒక్క వరుసలో ఉంది. మిగతా పేజీలన్నీ ఆ తర్వాతి కథే. రోజుకు మూడు చొప్పున మెరోపెనెమ్ ఇంజెక్షన్లు. ఐసీయూ బెడ్ చార్జీ ఒకటి, మానిటర్ చార్జీ విడిగా ఇంకొకటి. గ్లౌజులు పెట్టెల లెక్కన. రెండోసారి థియేటర్ చార్జీ, రెండోసారి మత్తు డాక్టరు ఫీజు. మళ్ళీ ఎందుకు తెరవాల్సి వచ్చిందో మాత్రం ఏ పేజీలోనూ లేదు. అడిగితే, “అందరికీ ఒకేలా ఉండదండీ, ఒంటి తత్వం” అన్నారట. తల్లి గాజులూ నానుతాడూ తాకట్టు పెట్టి డిశ్చార్జ్ చేయించుకొచ్చాడు.

అది పొరపాటో కాదో నేను తేల్చలేను, ఆ అబ్బాయీ తేల్చలేడు. ఎవరైనా తేల్చాలి కదా అన్నదే నా బాధ. ఇవాళ ఆ పని చేసేవాళ్ళు లేరు. డబ్బు కట్టేవాడు బెడ్ పక్కన నిలబడి ఉంటాడు, దణ్ణం పెడుతూ ఉంటాడు. జాకెట్టు గుడ్డ పాడుచేసిన టైలరు రెండోసారి కుట్టినందుకు కూలి అడగడు. ఆసుపత్రి అడుగుతుంది, మనం కడతాం.

దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2021-22 జాతీయ లెక్కల ప్రకారం 39.4 శాతం. 2013-14లో 64.2 శాతం ఉండేది, తగ్గడం మంచిదే. తగ్గిన మేరకు ప్రభుత్వమో బీమా కంపెనీయో కడుతోంది. అంటే పొరపాట్ల బిల్లులో కొంత పన్నుల రూపంలో, కొంత ప్రీమియం రూపంలో మనమే కడుతున్నాం. ప్రైవేటు ఆసుపత్రిలో అప్పులపాలైనవాళ్ళు ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని సీఎం రిలీఫ్ ఫండ్‌కి దరఖాస్తు పెట్టుకోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలే. ఆ ఫండ్ నుంచి చెక్కు వచ్చేటప్పుడైనా, ఐదు రోజుల వైద్యం ఇరవై రోజులు ఎందుకైందని ఎవరైనా ఆ బిల్లు చదివి అడుగుతున్నారా? 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పెంచడం తప్పని అనను. ఆ లక్షలు దేనికి ఖర్చవుతున్నాయన్న చర్చ అప్పుడూ జరగలేదు, ఇప్పుడూ లేదు.

పోనీ కోర్టుకు వెళ్ళమంటారా? హైదరాబాద్ నిమ్స్ కేసు గుర్తు తెచ్చుకోండి. 1990లో ఇరవై ఏళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి ఉందని ఆపరేషన్ చేశారు. లేచేసరికి నడుము కింది భాగం చచ్చుబడింది. వెన్నెముకను ఆనుకుని ఉన్న కణితి దగ్గర కత్తి పెడుతున్నప్పుడు న్యూరోసర్జన్ లేకపోవడం, ముక్క తీసి పరీక్షించడానికి మాత్రమే ఒప్పుకున్న రోగికి కణితినే తీసేయడం తప్పని విచారణలో తేలింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో 15.5 లక్షలు ఇమ్మంది. ఆ యువకుడు చక్రాల కుర్చీలోంచే సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించుకున్నాడు. 2009లో కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది. నర్సు, ఫిజియోథెరపీ, డ్రైవరు, మందులు, కోల్పోయిన సంపాదన, ఇవన్నీ రాబోయే ఏళ్ళకు లెక్కగట్టింది. ఒక ఆపరేషన్ పొరపాటుకు జీవితాంతం ఎంత ఖర్చవుతుందో ఒక కుటుంబం విషయంలో మన న్యాయవ్యవస్థ వరుసవారీగా వేసిన లెక్క అది. తేలడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. చదువుకున్నవాడు, పట్టుదల ఉన్నవాడు కాబట్టి నిలబడ్డాడు. గాజులు తాకట్టు పెట్టిన అబ్బాయికి వకీలు ఫీజు ఎక్కడినుంచి వస్తుంది?

అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లోనే దేశం మొత్తానికి ఇలాంటి లెక్క బయటపెట్టింది. ఆసుపత్రుల పొరపాట్ల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారనీ, నివారించదగ్గ హాని ఖరీదు 1,700 కోట్ల నుంచి 2,900 కోట్ల డాలర్లనీ చెప్పింది. సంపన్న దేశాల ఆసుపత్రి ఖర్చులో సుమారు 15 శాతం ఇలాంటి హానిని సరిదిద్దడానికే పోతోందని ఆ దేశాల కూటమి ఓఈసీడీ 2017లో అంచనా వేసింది.

ఆపడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. అప్పట్లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఐసీయూ వైద్యుడిగా ఉన్న పీటర్ ప్రొనొవోస్ట్ మిషిగన్ రాష్ట్రంలో చేసిన పని చూడండి. ఐసీయూలో రోగి మెడ దగ్గరో ఛాతీ దగ్గరో పెద్ద రక్తనాళంలోకి ఒక పైపు వేస్తారు, సెంట్రల్ లైన్ అంటారు. శుభ్రత లోపిస్తే క్రిములు దాని వెంట నేరుగా రక్తంలోకి దిగుతాయి. ఆయన ఐదు పనులు రాసిచ్చాడు. చేతులు కడుక్కోవాలి. రోగిని స్టెరైల్ గుడ్డతో తల నుంచి కాళ్ళ దాకా కప్పి, డాక్టరు టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకోవాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవాలి. వీలైనంతవరకు గజ్జల్లో పైపు వేయకూడదు. అవసరం తీరిన పైపును వెంటనే తీసేయాలి. ఇందులో వైద్య విద్యార్థికి తెలియనిది ఒక్కటీ లేదు. కొత్తదల్లా ఒకటే: డాక్టరు ఏది వదిలేసినా “ఆగండి సార్” అనే అధికారం నర్సుకిచ్చారు, దాని వెనక యాజమాన్యం నిలబడింది. 103 ఐసీయూల ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. పైపు వేసి ఉంచిన ప్రతి వెయ్యి రోజులకు 2.7 ఇన్ఫెక్షన్లుగా ఉన్న మధ్యస్థ రేటు మూడు నెలల్లోపే సున్నాకు దిగింది. తర్వాత దీని ఖర్చునూ లెక్కేశారు. ఒక ఇన్ఫెక్షన్ రాకుండా ఆపడానికి సగటున 3,375 డాలర్లు. వస్తే అదనపు వైద్యానికి 12,208 నుంచి 56,167 డాలర్లు. ఆపరేషన్లకు డబ్ల్యూహెచ్‌ఓ తయారుచేసిన ఇలాంటి పట్టికనే ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో తేలింది. కాబట్టి ఇది అమెరికా వైభోగం కాదు.

మన ఐసీయూల్లో రాత్రిపూట “ఆగండి సార్” అనగలిగే నర్సు ఎక్కడ? వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగికీ ఒక నర్సు ఉండాలన్నది నియమం. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకలకు లోపున్న ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని 2016లో చెప్పింది. అంతకన్నా తక్కువకు పనిచేస్తున్న అమ్మాయిలు మన ఊళ్ళలో ఎంతమందో నర్సింగ్ హోముల చుట్టూ తిరిగినవాళ్ళకు తెలుసు. జీతంలో మిగుల్చుకున్న ఆ వేలు ఇన్ఫెక్షన్ల రూపంలో రోగి బిల్లులోకి ఎక్కుతాయి.

పొరపాటుకు డబ్బు ఇవ్వం అని అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2008 అక్టోబర్ 1 నుంచి అమలు చేసింది. కడుపులో మరిచిపోయిన వస్తువు, గ్రూపు కలవని రక్తం, ముదిరిన పడకపుళ్ళు, ఆసుపత్రిలో పడి విరిగిన ఎముక, పైపుల ఇన్ఫెక్షన్లు, వీటికయ్యే అదనపు ఖర్చు ఆసుపత్రే భరించాలి. నియమం న్యాయమైనదే. అయినా పైపుల ఇన్ఫెక్షన్లు దానివల్ల ప్రత్యేకంగా తగ్గలేదని 2012లో ఒక పరిశోధన తేల్చింది. కోత పడిన సొమ్ము ఆసుపత్రికి లెక్కలోకి రానంత చిన్నది. కోత నొప్పి పుట్టించాలి, పక్కనే నర్సుకు మాట ఉండాలి, లెక్క జనం ముందుండాలి. మూడూ కలవాలి.

ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ పద్ధతి ఉంది, ఆపరేషన్ తర్వాతి చిక్కుల ఖర్చు అందులోనే కలుస్తుంది. ఆ విషయంలో 2007 నాటి ఈ పథకం మంచి దారిలోనే మొదలైంది. ప్యాకేజీ డబ్బు చాలలేదని రోగి బంధువుల దగ్గర చేతికింద వసూలు చేస్తే ఆ మేలంతా పోయినట్టే. అలాంటి ఫిర్యాదు వస్తే రోగికి వారంలో సొమ్ము వెనక్కి ఇప్పించాలి. నగదు కట్టే రోగులకూ ఇదే రక్షణ కావాలి. మెడికేర్ జాబితాలోని సంఘటన జరిగితే ఆ రోజు నుంచి అయ్యే ఖర్చు బిల్లులో వేయకూడదని ఆసుపత్రి రిజిస్ట్రేషన్ షరతుల్లోనే రాయాలి. పొరపాటు ఒప్పుకుంటే బంధువులు కొడతారని డాక్టర్లు భయపడుతున్నారు, ఆ భయం నిజమైనదే. దాడి చేసినవాళ్ళ మీద కేసులు నిలబెట్టాలి. తనంతట తాను చెప్పిన డాక్టరును జైలు భయం నుంచి కాపాడాలి.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. ఏ రోగి ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్‌కు చేరాడో, ఎప్పుడు డిశ్చార్జ్ అయ్యాడో ఆరోగ్యశ్రీ ట్రస్టుల కంప్యూటర్లలో ఏళ్ళ తరబడి పోగై ఉంది. ఆపరేషన్ అయిన ముప్పై రోజుల్లో మళ్ళీ చేరినవాళ్ళు ఏ ఆసుపత్రిలో వందకు ఎంతమందో, రోగి వయసూ జబ్బు తీవ్రతా లెక్కలోకి తీసుకుని, జిల్లాలవారీగా ప్రచురించాలి. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఇద్దరు ఆరోగ్య మంత్రులు సంతకం చేస్తే చాలు.