క్లాసులో కులం పేరు పిలిస్తే మార్కులు తగ్గుతాయి



'ఎ క్లాస్ డివైడెడ్' అనే డాక్యుమెంటరీ చూడనివాళ్లు ఒకసారి చూడండి. 1985లో అమెరికా టీవీలో వచ్చింది. విషయం ఏందంటే, 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. మరుసటి రోజు అయోవా రాష్ట్రంలో రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఇలియట్ అనే టీచరమ్మ తన మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి రెండు గుంపులు చేసింది. ఒక గుంపు గొప్పది, ఇంకో గుంపు తక్కువది అంది. తర్వాత తారుమారు చేసింది. 1970లో ఆమె మళ్లీ చేసినప్పుడు టీవీ వాళ్లు షూట్ చేశారు. అందులో తక్కువ గుంపు పిల్లల మెడకు గుడ్డ కాలర్ ఉంటుంది.

ఇది చూసి అందరూ పిల్లల మీద జాలిపడతారు. మనం చూడాల్సింది ఇంకోటి ఉంది. కాలర్ ఉన్న రోజు గోధుమ కళ్ల పిల్లలు కార్డులు చదవడానికి ఐదున్నర నిమిషాలు తీసుకున్నారు. మర్నాడు కాలర్ తీసేసి మీరే గొప్ప అంటే అదే పని రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. ఒక్క రాత్రిలో ఎవరికీ తెలివి పెరగదు కదా.

అమెరికా సంగతి మనకెందుకు అనేవాళ్లకు మన దేశం సంగతి చెప్తాం. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల అబ్బాయిల చేత చిక్కుదారుల పజిల్స్ చేయించారు. 321 మంది అగ్రకులాల వాళ్లు, 321 మంది దళితులు. కులం ఊసెత్తనప్పుడు ఇద్దరూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందు పేరు, కులం చదివి మొదలుపెడితే దళిత పిల్లలు వెనకబడ్డారు. 2004లో ప్రపంచ బ్యాంకు ఈ పేపర్ వేసింది.

ఇప్పుడు మన క్లాసుకు రండి. "ఎస్టీలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ సంతకాలు" అనే కేక మనలో విననివాళ్లు ఎవరు? పిలిచే సారుకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు, పని తొందరగా తెమలాలి అంతే. కానీ ఆ తర్వాత గంటసేపు పాఠం మన తలకెక్కదు. రైస్‌విల్‌లో రెండో రోజు సాయంత్రానికి ఆట అయిపోయింది. ఎరుకల వాళ్లనైతే బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగ అని చట్టంలోనే రాశారు. ఆ చట్టం పోయి డెబ్భై ఏళ్లు దాటింది. అయినా హాస్టల్లో ఫోన్ పోతే ముందు ఎవరి పెట్టె వెతుకుతారో మనకు తెలుసు.

"అయితే కులం దాచుకోవాలా?" అని మనవాళ్లే అడుగుతారు. దాచుకోం. సేవాలాల్ జయంతికి బ్యానర్ కట్టేది మనమే. మన పేరు మనం చెప్పుకోవడం వేరు, డబ్బుల లిస్టు పట్టుకుని ఇంకొకరు పదిమందిలో నిలబెట్టడం వేరు.

అందుకని మనం అడగాల్సింది చిన్నదే. దరఖాస్తులు ఎట్లాగూ జ్ఞానభూమిలో ఆన్‌లైన్లోనే ఉన్నాయి. సంతకాలేమన్నా ఉంటే ఆఫీసులో పెట్టించుకోండి, నోటీసు బోర్డులో రోల్ నంబర్లు మాత్రం వేయండి, పరీక్ష రోజుల్లో అసలు పిలవొద్దు. ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇద్దాం. ఇతర కులాల స్నేహితుల సంతకాలు కూడా తీసుకుందాం, వాళ్లకూ సినిమా చూపిద్దాం.

మీ క్లాసుల్లో ఎట్లా పిలుస్తున్నారో కింద రాయండి. కాలేజీ పేరు, సారు పేరు రాయొద్దు. ఆదివారం లోపల అర్జీ నమూనా ఇక్కడే పెడతాం.